ఓడ ముంచినోని మనుమరాలు

నా చిన్నప్పుడు తాండూరు మొత్తంలో సముద్రం చూసిన మనిషి మా తాతయ్య ఒక్కడేనని అనుకునేదాన్ని. అది నిజమో కాదో ఇప్పటికీ తెలియదు. కానీ సముద్రం మాట వస్తే చాలు, అందరి చూపూ ఆయన మీదికే పోయేది. ఆ చూపులో గౌరవం ఉండేది కాదు. ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ ఊళ్ళో దాన్ని పలికేవాళ్ళు లేరు. అందరికీ ఆయన 'ఓడ ముంచినోడు'. మా ఇంటికి ఉత్తరం ఇవ్వడానికి కొత్తగా వచ్చిన పోస్టాయన కూడా, ఓడ ముంచినోని ఇల్లు ఏదని అడుక్కుంటూ మా గడప దాకా వచ్చాడు.

తాతయ్యది దౌల్తాబాద్ పక్కన చిన్న పల్లె. వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళలో, చేను ఎండి, ఎద్దులు పోయి, ఆ చుట్టుపక్కల చాలామంది లాగే ఆయన కూడా బొంబాయి రైలెక్కాడు. అక్కడ రేవులో బస్తాలు మోశాడు. అది పెద్ద యుద్ధం నడుస్తున్న కాలం. ఓడల మీద పనిచేసే మనుషులకు కరువొచ్చి, రేవులో మూటలు మోసేవాళ్ళను కూడా ఎక్కించుకున్నారట. బావిలో ఈత తప్ప నీళ్ళంటే తెలియని మనిషి సామాన్ల ఓడ ఎక్కాడు.

రెండేళ్ళకు తిరిగి వచ్చాడు. ఆయన కంటే ముందే ఆయన కథ వచ్చింది. బొంబాయి నుంచి తిరిగొచ్చిన కూలీలెవరో మోసుకొచ్చారు. కాపలా ఉండాల్సిన మనిషి నిద్రపోయాడట, ఓడ పోయి రాతిమెట్ట ఎక్కిందట, ముక్కలు ముక్కలైందట, ఒక ప్రాణం కూడా పోయిందట. ఆ తర్వాత మా వాళ్ళు పల్లె విడిచి నాపరాళ్ళ పనికి తాండూరు వచ్చేశారు. పేరు కూడా వెంట వచ్చింది.

ఎవరు ఎగతాళి చేసినా తాతయ్య ఒకటే జవాబు చెప్పేవాడు. "నేను నిద్రపోలే." అంతే. గొంతు పెంచేవాడు కాదు, తగ్గించేవాడూ కాదు. చెప్పి, మళ్ళీ తన పనిలో పడేవాడు. రోజుకు నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ చెప్పేవాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎందుకు చెబుతాడో, చెబితే ఏమొస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. ఊరుకుంటే వాళ్ళే మరిచిపోతారు కదా అని మా అమ్మ కూడా విసుక్కునేది.

నేను ఐదో తరగతి చదువుతున్నప్పుడు ఒకరోజు మా సారు గోడకు పటం తగిలించి, బెత్తంతో నీలం రంగు చూపిస్తూ సముద్రాల పేర్లు చెబుతున్నారు. వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, వీళ్ళ తాత గా నీళ్ళల్లనే ఓడ ముంచిండు" అంది. తరగతి అంతా నవ్వింది. సారుకూ నవ్వొచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు, ఆపుకోలేకపోయారంతే. నేను వెళ్ళి ఆ అమ్మాయి జడ పట్టుకుని లాగాను. మిగతా పూటంతా నన్ను బయట నిలబెట్టారు.

బయట నిలబడినందుకు నాకు బాధ కలగలేదు. నా లోపల ఒక ప్రశ్న లేచింది, దానికి భయపడ్డాను. నిజంగానే నిద్రపోయాడేమో. అలసిపోయిన మనిషికి కునుకు పట్టదా? ఊరు ఊరంతా చెబుతున్నది అబద్ధమెట్లా అవుతుంది? తాతయ్య ఒక్కడే ఒకవైపు, మిగతా లోకమంతా ఒకవైపు. పదేళ్ళ పిల్లకు ఆ లెక్క చాలా పెద్దది.

బడి విడిచాక ఇంటికి పోకుండా నేరుగా రాళ్ళ అడ్డాకు పోయాను. స్టేషన్ పక్కన, గూడ్సు బండ్లలోకి ఎక్కించే నాపరాళ్ళు వరసలు వరసలుగా నిలబెట్టి ఉండేవి. తాతయ్య ఒక బండ అంచు ఉలితో సాపు చేస్తున్నాడు. ఆయన మొహం చూస్తే అడగలేనని, వెనక నిలబడి అడిగేశాను.

"తాతా, నిజంగ నిద్రపోయినవా?"

ఉలి ఆగింది. ఆయన తిరిగి నన్ను చాలాసేపు చూశాడు. కొడతాడనుకున్నాను.

"మనింట్ల ఈ మాట అడిగినదానివి నువ్వే మొదలు బిడ్డా" అన్నాడు. "మీ అవ్వ అడగలే. మీ నాయిన అడగలే. అడిగితే అవునంటనేమోనని వాళ్ళకు భయం. కూసో, చెప్త."

అక్కడే, బండల నీడలో, రాతి పొడి నిండిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆయన మొదటిసారి ఆ ఓడ సంగతి చెప్పాడు. ఆ ఓడకు నోరు తిరగని ఇంగ్లీషు పేరేదో ఉండేదట. ఆయన మాత్రం కడదాకా 'మా ఓడ' అనే అన్నాడు.

బొంబాయిలో దాని కడుపు నిండా బియ్యం బస్తాలు, సిపాయిల బూట్లు, గుడారాలు, డబ్బాల్లో తిండి ఎక్కించారట. ఎర్ర సముద్రం మీదుగా సైన్యానికి చేర్చాలి. శత్రువులు చూస్తారని ఓడ మీద ఒక్క దీపం కూడా వెలిగించనిచ్చేవాళ్ళు కాదు. ఒడ్డున దారి చూపించే దీపస్తంభాలు కూడా ఆర్పేసి ఉండేవి. అందుకని ఓడ ముక్కు మీద ఎప్పుడూ ఒక మనిషి నిలబడి ముందుకు చూస్తూ ఉండాలి. పక్కన ఒక గంట. కుడివైపు ఏదైనా కనబడితే ఒక దెబ్బ, ఎడమవైపు కనబడితే రెండు, ఎదురుగా కనబడితే మూడు దెబ్బలు కొట్టాలి. ఆ పొద్దు తెల్లవారే వేళ కాపలా తాతయ్యది.

"అప్పుడప్పుడే తెల్లగవుతున్నది. సముద్రం బూడిద రంగుల ఉన్నది. దూరంగ ఒక తెల్ల గీత కనబడ్డది. సున్నం గీసినట్టు. అల గట్ల ఒక్కతాననే విరగది బిడ్డా. కింద రాయి ఉంటేనే విరుగుతది. మన వాగుల చూడలేదా? మూడు కొట్టిన."

పైన, చుక్కాని గదిలో చిన్న దొర ఉన్నాడు. గంట విని బయటికి వచ్చి ముందుకు చూసి, చెయ్యి ఊపి ఊరుకోమన్నాడట. వాళ్ళ కాగితాల ప్రకారం మెట్టలు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి. తాతయ్య మళ్ళీ మూడు కొట్టాడు. యుద్ధకాలంలో ఊరికే చప్పుడు చేస్తావా అని దొర పైనుంచి తిట్టాడు. మూడోసారి గంట వదిలేసి, "రాయి, రాయి" అని అరుస్తూ పైకి ఉరికాడు మా తాతయ్య. మెట్ల సగంలో ఉండగా ఓడ తగిలింది.

"పెద్ద చప్పుడు కాలే. నాపరాయి మీద ఇనప మంచం ఈడ్చినట్టు, గంతే. పండుకున్నోళ్ళల్ల సగం మంది లేవనే లేదు."

ఓడ కదల్లేదు. ఇంజను వెనక్కు తిప్పారు. నీళ్ళు మురికిగా పైకి లేచాయి గానీ ఓడ జరగలేదు. బరువు తగ్గితే తేలుతుందని, సామానంతా సముద్రంలో పారేయమన్నారు. మొదట బూట్లు, గుడారాలు. ఆ తర్వాత బియ్యం.

ఇక్కడికి వచ్చేసరికి తాతయ్య ఆగాడు. బండ మీద వేలితో పొడి రాస్తూ కూర్చున్నాడు.

"కరువుకు ఊరిడిసి పోయినోణ్ని. నా భుజం మీద పెట్టుకోని, నా చేతులతోని, బియ్యం బస్తాలు సముద్రంల ఏసిన. ఎన్ని ఏసిననో యాదికి లేదు. నా పక్కపొంటి ఒక మనిషి ఉండె. బాయిలర్ల బొగ్గు ఏసేటాయన. కొంకణం దిక్కోడు. నాకంటే పెద్ద. ఆయనే నాకు ఉప్పునీళ్ళల్ల ఈత నేర్పిండు, వాళ్ళ మాట నేర్పిండు. ఇద్దరం ఒక్క పళ్ళెంల తినేటోళ్ళం. ఆయన బస్తా ఏసినప్పుడల్ల అల్లా అల్లా అనెటోడు. నేను గదీ అనలే."

సగం బియ్యం పారేసేసరికి తెలిసింది, కింద అడుగు చీలి నీళ్ళు లోపలికి వస్తున్నాయని. మిగిలిన బస్తాల్లో బియ్యం నాని ఉబ్బడం మొదలైంది. ఉబ్బిన బియ్యం ఇనప రేకులను లోపలి నుంచి నెట్టింది. మూడు రోజులు ఆ ఓడ రాతి మీద కూర్చుని, ఒకవైపు అలలు బయటి నుంచి కొడుతుంటే, ఇంకోవైపు తిండిగింజలు లోపలి నుంచి చీలుస్తుంటే, మూలుగుతూ ఉండిందట. రేకుల మేకులు ఒక్కొక్కటే టప్‌మని తెగిపోయే చప్పుడు నిద్రలో కూడా వినబడేదని చెప్పాడు.

మూడో రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. అందరూ చిన్న పడవల్లోకి దిగాలని చెప్పారు. కానీ నీళ్ళు తోడే యంత్రాలకు ఆవిరి కావాలని, చివరి దాకా బాయిలర్ దగ్గర ఇద్దరు ఉండాలన్నారు. ఇద్దరిలో ఒకడు బయటికి వచ్చాడు. రెండోవాడు ఆ కొంకణం మనిషి. ఓడ నడుం విరిగినప్పుడు ఆయన కిందనే ఉన్నాడు.

"పడవల కూసోని చూస్తున్నం. ముక్కు ఒక దిక్కు, వెనక ఒక దిక్కు. నడుమ నీళ్ళు తెల్లగ ఉన్నయి బిడ్డా. అన్నం వార్చిన గంజి లెక్క."

అంతవరకూ చెప్పి లేచాడు. "ఒడ్డు మీద అడిగినరు, చెప్పిన. నేను నిద్రపోలే అని చెప్పిన. వాళ్ళు రాసుకున్నది వేరే." మళ్ళీ ఉలి తీసుకున్నాడు.

నేను ఆయనను నమ్మాను. నమ్మాక కోపం ఇంకా ఎక్కువైంది. ఇంత జరిగితే, అన్నిసార్లు గంట మోగిస్తే, ఊరు ఇట్లా నవ్వుతుందా? ఎవరైనా ఒక్కరు, ఆ ఓడ మీద ఉన్నవాళ్ళు ఒక్కరు వచ్చి చెబితే చాలు కదా అనిపించింది. రోజూ అదే కోరుకున్నాను. పిల్లల కోరికలు కొన్ని నిజంగానే తీరుతాయి. అయితే మనం అనుకున్నట్టు తీరవు.

మా వీధిలో ఒకాయన ఊపిరితిత్తుల జబ్బు చేసి వికారాబాద్‌లో, అనంతగిరి గుట్ట మీద ఆసుపత్రిలో కొన్ని నెలలు ఉన్నాడు. అప్పట్లో ఆ గాలి మంచిదని ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వచ్చేవాళ్ళు. ఆయన నయమై తిరిగొచ్చి, అరుగు మీద తాతయ్యను పిలిచి ఒక కబురు చెప్పాడు. పక్క మంచం మీద బొంబాయి వైపు ముసలాయన ఉన్నాడట. ఒకప్పుడు ఓడ మీద సరంగు, అంటే పనివాళ్ళందరికీ మేస్త్రీ. కూతురిని హైదరాబాద్‌లో ఇచ్చాడట, అల్లుడు తెచ్చి ఆసుపత్రిలో చేర్పించాడట. పొద్దుపోక మాటల్లో మా ఊళ్ళో ఓడ ముంచినోడు ఒకడున్నాడని ఈయన చెబితే, ఆ ముసలాయన మంచం మీద లేచి కూర్చుని, వివరాలన్నీ అడిగి, ఏడ్చాడట. ఒక్కసారి వచ్చి పొమ్మని బతిమాలాడట.

"నేను పోను" అన్నాడు తాతయ్య.

మా అవ్వ కూడా పొమ్మంది. ప్రేమతో కాదు, పోయి నాలుగు దులిపి రమ్మంది. అయినా ఆయన కదల్లేదు. "తాండూరు నుంచి వికారాబాద్ ఎంత దూరమో, వికారాబాద్ నుంచి తాండూరు గంతే దూరం. పని ఆయనది. ఆయననే రమ్మను."

నెల దాటింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను తాతయ్యకు రొట్టె తీసుకుపోయి అడ్డాలో కూర్చుని ఉన్నాను. ప్యాసింజరు వచ్చి పోయింది. పట్టాల పక్క నుంచి తెల్ల గడ్డం మనిషి ఒకాయన, చేతికర్ర పట్టుకుని, రెండడుగులకు ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటూ వచ్చాడు. తాతయ్య ముందు నిలబడ్డాడు. తాతయ్య రొట్టె మూట పక్కకు జరిపి, బండ మీద చోటు చూపించాడు. ముసలాయన కూర్చున్నాడు.

ఆయన మాట్లాడింది బొంబాయి ఉర్దూ. మా ఊళ్ళో ఉర్దూ రానివాళ్ళు తక్కువ కాబట్టి నాకు దాదాపు అంతా తెలిసింది. తాతయ్య నన్ను ముందుకు నెట్టి, ఈమె నా మనుమరాలు, ఒడ్డు మీద ఏం జరిగిందో ఈమెకు నువ్వే చెప్పు అన్నాడు. సరంగు నా మొహం చూడలేక, నేల చూస్తూ చెప్పాడు.

ఒడ్డు చేరాక ఒక వరండాలో బల్ల వేసి ముగ్గురు దొరలు కూర్చున్నారట. ఇంగ్లీషులో కాగితం రాసి ఉంది. కాపలావాడు నిద్రపోయాడు, అందుకే ఓడ పోయింది అని. పనివాళ్ళందరినీ ఒక్కొక్కరినే పిలిచి వేలిముద్ర వేయమన్నారు. వేసినవాళ్ళకు ఇంకో ఓడలో పని ఇస్తారు. వేయనివాళ్ళ పేరు నల్ల పుస్తకంలో ఎక్కుతుంది, ఇక ఏ ఓడలోనూ పని దొరకదు. అందరూ వేశారు. మొదట వేసింది సరంగు. మిగతావాళ్ళకు నచ్చజెప్పి వేయించింది కూడా ఆయనే. గంట ఆయన చెవులతో ఆయన విన్నాడు. మూడు, మళ్ళీ మూడు. విని కూడా వేశాడు.

చివరికి తాతయ్యను పిలిచారు. ఒప్పుకుంటే చిన్న శిక్షతో పోతుంది, ఒప్పుకోకపోతే శత్రువులకు అమ్ముడుపోయి కావాలనే ఓడను మెట్ట ఎక్కించావని రాస్తాం అని బెదిరించారు. తాతయ్య పిడికిలి బిగించాడు. ఇద్దరు సిపాయిలు పట్టుకుని చెయ్యి తెరిచి, బొటనవేలికి సిరా పూయబోయారు. అప్పుడు తాతయ్య తానే అరచెయ్యి మొత్తం సిరా పళ్ళెంలో ముంచాడట.

సరంగు కర్ర పక్కన పెట్టి, తన అరచెయ్యి తెరిచి బండ మీద చప్పున వేసి, పైనుంచి కింది దాకా ఈడ్చి చూపించాడు. "అట్లా తుడిచేశాడు బేటీ. కాగితం మీద ఒక్క అక్షరం మిగల్లేదు. మా అందరి వేలిముద్రలు కూడా పోయాయి. దొర మొహం చూడాల్సింది."

ఆ మాట చెప్పేటప్పుడు ఆ ముసలాయన కళ్ళలో ఏడుపు, నవ్వు రెండూ ఉన్నాయి. వాళ్ళు కొత్త కాగితం రాశారు. అందరితో మళ్ళీ వేయించారు. సరంగు మళ్ళీ వేశాడు. తాతయ్యను మాత్రం ఇంకోసారి పిలవలేదు. కొన్ని వారాలు బందీగా ఉంచి, ఓడల మీద పనికి ఇచ్చే పుస్తకం లాక్కుని బొంబాయి పంపేశారు.

నేను ఇక కూర్చోలేకపోయాను. సరంగు చెయ్యి పట్టుకుని లేపాను. "రా తాతా, హోటల్ దగ్గరికి రా. గా మాట ఆడ చెప్పు." తాతయ్య, "వద్దు బిడ్డా" అన్నాడు. నేను వినలేదు. ఆ ముసలాయన కూడా, వెళ్దామన్నట్టు తల ఊపాడు. ఆయాసపడుతూ నా వెంట నడిచాడు. తాతయ్య భుజం మీది తువ్వాలు దులుపుకుని వెనకాలే వచ్చాడు.

స్టేషన్ ఎదురుగా చాయ్ హోటల్. రాళ్ళ బేరగాళ్ళు, పప్పు మిల్లుల గుమాస్తాలు, బండ్లవాళ్ళు, అందరూ అక్కడే ఉండేవాళ్ళు. తాతయ్యను అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసేదీ అక్కడే. నేను సరంగును మధ్యలో నిలబెట్టాను. ఆయన కర్ర మీద ఆనుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, నాకు చెప్పిందంతా చెప్పాడు. ఈ మనిషి నిద్రపోలేదు, నేను అబద్ధానికి వేలు పెట్టాను అని అందరి ముందు అన్నాడు.

హోటల్లో అందరూ ఆయన వైపే చూశారు. గెలిచాం అనుకున్నాను.

మూలన కూర్చున్న బేరగాడు చాయ్ సాసర్‌లో పోసుకుంటూ, "సముద్రపోనికి సముద్రపోడు సాక్ష్యమా! మస్తుగున్నది" అన్నాడు. నలుగురు నవ్వారు. ఇంకొకడు, "ముసలాయనకు మతి తప్పినట్టున్నది, జర నీళ్ళియ్యుండ్రి" అన్నాడు. హోటలాయన నీళ్ళు ఇచ్చాడు. ఒక బండి తోలే అతను మాత్రం లేచి సరంగుకు తన బల్ల మీద చోటు ఇచ్చాడు. అంతే. మళ్ళీ ఎవరి మాటల్లో వాళ్ళు పడ్డారు.

నాకు ఏడుపు ఆగలేదు. రోడ్డు మీదికి ఉరికి మట్టిలో కూలబడ్డాను. ఇన్ని రోజులుగా నేను కోరుకున్న మనిషి నిజంగానే వచ్చాడు, చెప్పాడు, అయినా ఏమీ మారలేదు. తాతయ్య వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయన మొహంలో బాధ లేదు. నవ్వుతున్నాడు. పెద్దగా, పళ్ళు కనబడేట్టు నవ్వుతున్నాడు.

"వాళ్ళు నమ్మలే. అయితే ఏమాయె? వాళ్ళు నమ్మకుంటే నేను నిద్రపోయినట్టా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"వాళ్ళు నమ్మి ఉంటే? అప్పుడు కొత్తగ మేల్కొందునా?"

మళ్ళీ ఊపాను.

"మరి వాళ్ళ మొహం ఎందుకు చూస్తున్నవ్? ఆ పొద్దు ఆ ఓడ ముక్కు మీద ఉన్నది నేను. చూసింది నేను. వాళ్ళు ఉంటిరా ఆడ? నన్ను అడిగినోనికల్ల చెప్త, సచ్చెదాక చెప్త. నమ్ముతరని కాదు. అబద్ధం ఎదురొచ్చినప్పుడు నేను ఊకుంటే, గా కాగితం మీద నేను గూడ వేలిముద్ర ఏసినట్టే." తువ్వాలుతో నా ముక్కు తుడిచాడు. "లే. ఆయన ఆకలితోని ఉన్నడు. ఇంటికి తోలుకపోదాం."

మా అవ్వ దులపలేదు. ఆయాసంతో గడప దగ్గరే కూలబడిన మనిషిని చూసి, చెంబుతో నీళ్ళు ఇచ్చి, పొయ్యి మీద రొట్టెలు వేసింది. జొన్నరొట్టె, కందిపప్పు, ఎల్లిపాయ కారం. తాతయ్య, సరంగు ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఓడ మీది వాళ్ళ పేర్లు గుర్తు చేసుకున్నారు. ఒకసారి నవ్వుకున్నారు కూడా. చేతులు కడుక్కున్నాక సరంగు తాతయ్య రెండు చేతులూ పట్టుకుని, "మాఫ్ కరో భాయ్" అన్నాడు. అందుకోసమే బతికి గుట్ట దిగానన్నాడు.

తాతయ్య చేతులు విడిపించుకోలేదు. నిదానంగా ఉర్దూలో చెప్పాడు. ఆ మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. మన భాషలో చెబితే ఇట్లా ఉంటుంది. "నా వంతు మాఫ్ చేసిన. ఇవ్వాళ కాదు, ఎప్పుడో చేసిన. బొగ్గు ఏసెటాయన వంతు ఉన్నది కదా, అది నా దగ్గర లేదు. ఆ దొర తప్పు దాచినవ్. ఆయన ఎట్ల సచ్చిండో ఆయన ఇంటోళ్ళకు తెల్వకుండ దాచినవ్. అది నేను మాఫ్ చేస్తే ఎవని సొమ్మో నేను దానం ఇచ్చినట్టు."

సరంగు ఎదురు చూసింది తిట్లో, కౌగిలో. ఇది కాదు. మరి నేనేం చెయ్యాలి అని అడిగాడు.

"ఆయన ఊరు నీకు ఎరుక. మీ ఊరికి రెండు ఊర్ల అవతల అని నువ్వే చెప్పెటోనివి. పెండ్లాం ఉన్నది, పిల్లలు ఉండిరి. పో. పోయి చెప్పు."

ఇన్నేళ్ళుగా ఆ ఊరి మీదుగా పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోతున్నానని సరంగు ఒప్పుకున్నాడు. సాయంత్రం ప్యాసింజరుకు ఇద్దరం ఆయనను ఎక్కించి వచ్చాం. బండి కదులుతుంటే తాతయ్య చెయ్యి ఊపలేదు గానీ, చివరి డబ్బా పోయేదాకా నిలబడే ఉన్నాడు.

చలికాలం వచ్చాక ఉర్దూలో రాసిన కార్డు ఒకటి వచ్చింది. పక్కింటి పెద్దాయన చదివి పెట్టాడు. సరంగు ఆ ఊరికి పోయాడు. బొగ్గు వేసే ఆయన భార్య మాఫ్ చేయలేదు. మొత్తం విని, లోపలికి పోయి, పెద్దవాళ్ళైన ఇద్దరు కొడుకులను పిలుచుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టి, మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. ఆయన చెప్పాడు. కార్డులో అంతే ఉంది. తాతయ్య దాన్ని రెండోసారి చదివించుకుని, ఉలి తీసుకుని పనికి పోయాడు. ఆ రోజు ఆయన నడకలోని హుషారు మా అవ్వ కూడా గమనించి, "ఏంది, ఇయ్యాల గట్ల పోతున్నడు" అని నాతో అంది.

ఊళ్ళో ఆయన పేరు మారలేదు. పోయేదాకా ఓడ ముంచినోడే. నేను బడికి పోయి, సారు సముద్రం పటం తగిలించిన రోజు చెయ్యెత్తి లేచి, మా తాత నిద్రపోలేదు సార్ అని చెప్పాను. మళ్ళీ నవ్వారు. ఈసారి నేను ఎవరి జడా లాగలేదు. ఆ మాట చెప్పి కూర్చున్నాను.

తర్వాత నేనూ టీచరునయ్యాను. ఇరవై తొమ్మిదేళ్ళు చేశాను. చాలావరకు కోట్‌పల్లి చుట్టుపక్కలే. ఒకచోట, ఊరి పెద్ద కొడుకు చేసిన దొంగతనం ఒక పేద పిల్ల మీద మోపి, బడి నుంచి తీసేయడానికి కాగితం రాసి, మా అందరినీ సంతకాలు పెట్టమన్నారు. నేను పెట్టలేదు. ఆ పిల్లను ఎట్లాగూ తీసేశారు, నన్ను బస్సు పోని ఊరికి బదిలీ చేశారు. నేనేదో గెలిచానని చెప్పడానికి ఈ సంగతి చెప్పడం లేదు. గెలవలేదు. కానీ నా ముందుకు వచ్చిన అబద్ధం మీద నా చేతి గుర్తు లేదు.

మొన్నామధ్య ఒక పెళ్ళిలో, మమ్మల్ని ఆ సంతకాలు పెట్టమన్న అప్పటి హెడ్మాస్టరు కనిపించారు. బాగా పెద్దవారైపోయారు. నన్ను పక్కకు పిలిచి, అప్పుడు మీకు అన్యాయం జరిగింది, మనసులో పెట్టుకోకండి అన్నారు. నాదేం లేదు సార్, నేనెప్పుడో మరిచిపోయాను అన్నాను. ఆయన మొహం తేలికపడింది. ఆ తేలిక నాకు నచ్చలేదు. "ఆ పిల్లను అడగాలె సార్ మీరు. నన్ను కాదు" అన్నాను. ఎక్కడుందో ఏమో అని ఆయన చూపు తిప్పుకున్నారు.

నాకు తెలుసు. కరణ్‌కోటలో ఉంటుంది, ఇద్దరు పిల్లల తల్లి. చేతిలో ఉన్న పెళ్ళిపత్రిక వెనక్కి తిప్పి, వీధి, ఇంటి గుర్తు, ఎక్కాల్సిన బస్సు, అన్నీ పెద్ద అక్షరాలతో రాసి, ఆయన చొక్కా జేబులో పెట్టి వచ్చాను.